ఇంజిన్‌ని కొరికే మేస్త్రీ

లారీ షెడ్ల సందులో ఉన్న మేస్త్రీ ఇంజిన్‌ని కొరికి రోగం చెబుతాడని ఊరంతా చెప్పుకునేవారు. ఇనుము రుచి చూస్తాడని కొందరు, పంటికింద ఏదో వేరు పెట్టుకున్నాడని మరికొందరు. జీపు డ్రైవరు ఇలాంటివి నమ్మే మనిషి కాదు. కానీ అవతలి గ్యారేజీ వాళ్లు బేరింగ్ పోయిందనీ, ఇంజిన్ విప్పాల్సిందేననీ తేల్చేశారు. అంత పనే అయితే ఆ పాత డీజిల్ జీపును తుక్కుకి వేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు. పద్దెనిమిదేళ్లుగా కొండదారిలో దాన్ని తప్ప ఇంకోటి నడపని డ్రైవరుకి, జీపు పోతే పనీ పోయినట్టే.

షెడ్డు ముందు జీపు ఆగగానే మేస్త్రీ భార్య ఎదురొచ్చింది. టక్ టక్‌మనే ఆ చప్పుడు ఎప్పుడు మొదలైంది, బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా అని అన్నీ ఆవిడే అడిగింది. విన్నదంతా మేస్త్రీకి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా మళ్లీ చెప్పింది. ఈ షెడ్డులో పెత్తనమంతా ఈవిడదే కాబోలు అనుకున్నాడు డ్రైవరు.

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య గట్టిగా కరిచి, కళ్లు మూసుకున్నాడు.

వెనక నిలబడ్డ డ్రైవరు నోరు ఊరుకోలేదు. "ఉప్పు సరిపోయిందా మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రీ ఉలకలేదు, పలకలేదు. తలబిరుసు మనిషి అనుకుని డ్రైవరు ముఖం మాడ్చుకున్నాడు.

పిడిని పళ్ల నుంచి తీయకుండానే, సిలిండర్లకి డీజిల్ తెచ్చే సన్న గొట్టాల నట్లను మేస్త్రీ ఒక్కొక్కటే వదులు చేసి, ఆ సిలిండర్‌కి డీజిల్ అందకుండా ఆపి, మళ్లీ బిగిస్తూ పోయాడు. మూడోది వదలగానే చప్పుడు ఆగింది. అయితే బేరింగే అన్నమాట అనుకున్నాడు డ్రైవరు. గ్యారేజీ వాళ్లు వేలు పెట్టి చూపించిందీ ఆ మూడోదాన్నే. మేస్త్రీ మాత్రం ఇంజిన్ ఆపించి, రెండో సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌నీ మూడోదాని నాజిల్‌నీ ఊడదీసి, దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో పెట్టాడు. మళ్లీ స్టార్ట్ చేయించి స్క్రూడ్రైవర్ కరిచాడు. ఈసారి మూడోది వదిలినా చప్పుడు తగ్గలేదు. రెండోది వదిలితే ఆగిపోయింది.

"బేరింగ్ అయితే ఉన్నచోటే కొట్టుకునేది. ఇది నాజిల్‌తో పాటు ఇల్లు మారింది," అన్నాడు మేస్త్రీ, అవసరానికి మించి గట్టిగా. "నాజిల్ మారిస్తే చాలు. ఇంజిన్ జోలికి పోవద్దని మీ ఓనరుతో చెప్పు."

డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. కొత్త నాజిల్ పడ్డాక సీట్లో కూర్చుని, అటు తిరిగి చేతులు కడుక్కుంటున్న మేస్త్రీని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆఖరికి హారన్ కొట్టాడు. సందులో పోయేవాళ్లంతా తిరిగి చూశారు, మేస్త్రీ తప్ప.

"ఎంత కొట్టినా లాభం లేదు తమ్ముడూ," అంది మేస్త్రీ భార్య, తువ్వాలు తీసుకుని అటు వెళ్తూ. "చీము పట్టి రెండు చెవులూ పోయి మూడేళ్లయింది. పళ్లతో పట్టుకుంటే ఎముక గుండా లోపలికి పోయే చప్పుడే ఆయనకి వినపడేది."