శృంగవరపుకోట తాబేలు రాయి

నాలుగేళ్లుగా రాళ్ల కోసం ఊళ్లు తిరుగుతున్నాను. ఆ తిరుగుళ్ల గురించి ఇప్పటిదాకా ఒక్క ముక్కా రాయకపోవడానికి కారణం, నాకు రాయడం రాకపోవడమే. చేపల తట్ట నెత్తి మీదున్నంత కాలం పలక చేతికి రాలేదు. అరవై దాటి తట్ట దించాక మా కోడలు సుజాత అక్షరాలు దిద్దించింది. తను నరసన్నపేటలో సైన్సు టీచరు. రాళ్ల పిచ్చి అంటించిందీ తనే.

నేను ఏరే రాయి పేరు స్ట్రోమటోలైట్. కంటికి కనపడని బాక్టీరియాలు కట్టిన రాయి. కోట్ల ఏళ్ల కిందట లోతు లేని సముద్రంలో అవి నాచులా పరుచుకుని, మీద పడ్డ బురదను పట్టుకుని, పొర మీద పొర పేర్చాయట. క్యాబేజీని అడ్డంగా కోసినట్టు ఉంటుంది. మన కొండల్లో దొరకదు. మన రాళ్లు భూమి కడుపులో మరీ ఉడికిపోయాయని సుజాత అంటుంది. ఎప్పుడో కడప వైపు నుంచి లారీల్లో వచ్చిన బండల్లో, పాత ఇళ్ల నేలల్లో దాక్కుని ఉంటుంది.

సుజాత నియమం ఒకటుంది. చీటీ లేని రాయి ఉత్త రాయి. ఏమిటో, ఎక్కడిదో రాసి అంటించాలి. ఇన్నాళ్లూ చీటీలు తనే రాసేది. ఈసారి నేనే రాస్తానని పందెం కట్టాను. "స్ట్రో" ఒక్కటి నేర్చుకోడానికే వారం పట్టింది.

సుజాతతో పనిచేసే టీచరు పుట్టింటివాళ్లకు శృంగవరపుకోటలో కిరాణా కొట్టుంది. పాత బండలు పీకి టైల్స్ వేస్తున్నారు. ఆ టీచరు పంపిన ఫొటోలో నా క్యాబేజీ కనిపించింది. మర్నాడు మధ్యాహ్నానికి మేస్త్రి దాన్ని పగలగొట్టి టైల్స్ కింద పోసేస్తాడట.

పొద్దున్నే ఆరుంపావుకు నరసన్నపేటలో విజయనగరం బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు సున్నా, ఆధార్ కార్డు మాత్రం మరవొద్దు. కండక్టరు నా సంచిలోకి తొంగి చూశాడు.

"ఏటి మామ్మా, సుత్తి? ఎవుడి బుర్ర పగలగొడతావు?"

"రాయి బుర్ర, బాబూ."

తొమ్మిదికి విజయనగరంలో నాలుగిడ్లీలు తిని కోట బస్సు పట్టుకున్నాను. పదిన్నరకి కొట్లో ఉన్నాను. రాయి గోడకు ఆనించి ఉంది, ముక్కలవలేదు. కాని పసుపు, కుంకుమ, మందారపువ్వు పెట్టేశారు. కొట్టు యజమానురాలు వరలక్ష్మిగారు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"వీపు డిప్ప సూడండి! కూర్మనాథుడే మా కొట్లో వెలిసాడు."

నేను పుట్టిందే, గుళ్లో తాబేళ్లు తిరిగే శ్రీకూర్మం పక్కన. తాబేళ్లను నాకు చూపించాలా?

"మరి తలేదమ్మా? కాళ్లేవి?"

"లోపలికి ముడుసుకున్నాడు."

ఇక నిజం చెప్పేశాను. అదే నేను చేసిన తప్పు.

"ఇది తాబేలు కాదమ్మా. తాబేలు పుట్టకముందే సముద్రంలో నాసు లాగ పరుసుకున్న సిన్న సిన్న జీవాలు కట్టిన రాయి. మనం పీల్సే మంచిగాలి మొదట తయారుసేసింది అలాటియ్యేనంట."

వరలక్ష్మిగారు రాయి మీదికి వంగి చూశారు. "తాబేలు కన్నా ముందోళ్లా?"

"అవును."

"మన ఊపిరి ఈళ్లిచ్చిందేనా?"

"అవునంట."

ఆవిడ కొంగు తలమీద వేసుకుని రాయికి దండం పెట్టారు. "అయితే అసలివ్వను."

మేస్త్రి తాపీ కింద పెట్టి మరీ నవ్వాడు. "నువ్వే సెడగొట్టుకున్నావు మామ్మా!"

మూల ముక్కైనా ఇమ్మన్నాను. దేవుడి చెవి కోస్తావా అన్నారు. సుత్తి సంచిలోంచి బయటికే రాలేదు. వంకాయ కూరతో భోజనం మాత్రం కడుపునిండా పెట్టారు. చెయ్యి కడుక్కుంటుంటే అన్నారు, "రాయి నాది. పేరు నువ్వు రాయి."

మేస్త్రి దగ్గర ఎర్ర రంగు, కుంచె ఉన్నాయి. రాయి పైనున్న గోడ మీద "స్ట్రోమటోలైట్" అని రాశాను. స కింద ట, దాని కింద ర, ఏదీ జారలేదు. దాని కింద వరుసలో అది ఎలా పుట్టిందో రాశాను. సరుకులకొచ్చినవాళ్లు ఆగి చదివారు. నా రాత నలుగురు చదవడం అదే మొదలు. వరలక్ష్మిగారు సెల్లులో ఫొటో తీసి సుజాతకు పంపారు.

మూడు గంటల బస్సులో తిరిగి బయలుదేరాను. వట్టి సంచి, నిండు మనసు. ఇలా రాళ్లకు వెళ్లేవాళ్లకు నా సలహా: సుత్తి లేకపోయినా ఫర్వాలేదు, రాయి సంచిలో పడేదాకా నోరు మూసుకోండి.

విజయనగరం వస్తుంటే అలవాటుగా బోర్డులు చదువుతున్నాను. ఒక కొట్టు మీద "చెప్పులు" అని ఉంది. మేం సెప్పులంటాం. రాసేటప్పుడు చ. సీట్లోంచి సగం లేచిపోయాను. పక్క సీట్లో అనాసపళ్ల గంపతో ఉన్న ఆవిడ కంగారుపడింది.

"ఏటయ్యిందమ్మా, పర్సు పోయిందా?"

"పర్సు కాదు తల్లీ, చ పోయింది."

గోడ మీద జానెడు అక్షరాలతో "కోట్ల ఏళ్ల నాటి నాసు కట్టిన రాయి" అని రాసి వచ్చాను. వారం నేర్చిన "స్ట్రో" నిలబడింది. నోట్లో పుట్టిన మాట ముంచేసింది.

ఇంటికి చేరగానే వరలక్ష్మిగారికి ఫోన్ చేశాను. "తప్పేటి? ఊరంతా నాసనే కదా అంటాది. అలగే ఉండనీ" అన్నారు. సుజాత ఫొటో చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

మర్నాడు పొద్దున్న ఆరుంపావుకు మళ్లీ అదే బస్సెక్కాను. కండక్టరు సంచిలోకి చూశాడు.

"మళ్లీ రాయికేనా మామ్మా? సుత్తేదీ?"

"రాయికి కాదు బాబూ, అక్షరానికి" అని కుంచె తీసి చూపించాను.