గోదాదేవి ఒళ్లో చార్జర్

పద్మప్రియ దేన్నీ విసురుగా ముట్టుకోదు. ల్యాప్‌టాప్ మూతైనా రెండు చేతులతోనే తెరుస్తుంది. ఆళ్లగడ్డలో ఇంటి నుంచే నంద్యాల కాలేజీ పిల్లలకు కంప్యూటర్లో లినక్స్ పాఠాలు చెబుతుంది. ఈమధ్య కరెంటు పోతే చాలు, బ్యాటరీ ఇంకా నలభై శాతం ఉందని చూపిస్తూనే ల్యాప్‌టాప్ పాఠం మధ్యలో ఆగిపోతోంది. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంకొకరైతే కొత్త బ్యాటరీ కొనేవారు. ఆమె మాత్రం కమాండ్లు కొట్టి, అంకెల్ని పొద్దంతా గమనించి, చెడింది బ్యాటరీ కాదు, దాని కొలత అని తేల్చింది. నిండా చార్జి చేసి, చార్జర్ తీసి, తనంతట తాను ఆగిపోయేదాకా వదిలేసి, మళ్లీ నింపితే కొలత దారికొస్తుంది. ఒక పొద్దున ఆ పని మొదలుపెట్టింది.

కానీ ఇంట్లో తల్లి గోదాదేవి ఉంది. అహోబిలంలో గుడి సేవ చేసే ఇంట పుట్టిన మనిషి. కొండెక్కబోయే దీపాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు. బ్యాటరీ అంకె నలభై దగ్గరపడగానే, ప్రమిదలో నూనె పోసినట్టు, చార్జర్ పెట్టేసింది. పొద్దుటి నుంచి కాచుకున్నదంతా నీళ్లపాలైంది. పద్మప్రియ కసురుకోలేదు.

"చూస్తా చూస్తా కొండెక్కనిస్తారా ఏందీ?" అంది తల్లే, గట్టిగా.

"ఒక్కసారి పూర్తిగా ఆగిపోతేనే అమ్మా, ఖాళీ అంటే ఏందో దానికి తెలిసేది."

మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తల్లిని పక్కనే కూర్చోబెట్టుకుని, చార్జర్ ఆమె ఒళ్లోనే ఉంచింది. అంకె నలభై దగ్గరపడింది. గోదాదేవి వేళ్లు తీగను నలుపుతూనే ఉన్నాయి గానీ, మనిషి కదల్లేదు. చివరికి తెర నల్లబడింది.

"ఇంక పెట్టమ్మా," అంది పద్మప్రియ.

గోదాదేవి వత్తి ఎగదోసినంత మెల్లగా, రెండు చేతులతో, చార్జర్ పెట్టింది.