కొంగుమూటలో సుకడి

కరువు ఏడాది భోకర్ నుంచి నాందేడ్ పోయే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. సర్కారు పెట్టిన కరువు పనిలో రాళ్లు కొట్టేవాళ్లకు పంచే సుకడి, అంటే గోధుమపిండీ బెల్లమూ కలిపిన ముక్కలు, ఆమె కొంగుమూటలో ఉన్నాయి. వాటిని పని దగ్గరే తినాలి, బయటికి తేకూడదని రూలు. ఎవడు పెట్టాడో ఆ రూలు!

ముందు సీటులోని తెల్లటోపీ పెద్దమనిషి వెనక్కి తిరిగి ఆ మూట చూశాడు. "సర్కారు తిండి దొంగతనంగ తీస్కపోతున్నవా?"

"నా పెనిమిటి గా పనిల్నే పడి దవాఖానల ఉన్నడు. రాయి కొట్టలేనోనికి ఆకలి గాదా?" అని ఆమె గట్టిగా అరిచింది.

కాసేపటికి ఆకలికి ఆగలేక మూట విప్పింది. పక్కవాళ్లకు పెట్టకుండా తినడం మా వైపు లేదు. నాకూ, ఆయనకూ చెరో ముక్క ఇవ్వబోయింది. నేను వద్దన్నాను.

ఆయన తీసుకున్నాడు. నమిలి, వేళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "బెల్లం తక్కువేసిండ్రు."