తాతయ్య విప్పేసిన తాడు

నా చిన్నప్పుడు మా తాతయ్య పొద్దున పేనిన తాడును సాయంత్రానికి విప్పేసేవాడు. ఇంట్లో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

నర్సీపట్నం పక్క పల్లెలో అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఆ ఏడు మా మామయ్య, అంటే తాతయ్య కొడుకు, మంచం దిగడం మానేశాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక చుట్టాలు వచ్చి, ధైర్యంగా ఉండమని, లేచి ఏదో ఒక పని చేసుకోమని చెప్పి వెళ్లేవారు. వాళ్లు వెళ్లాక మామయ్య దుప్పటి ఇంకాస్త పైకి లాక్కునేవాడు.

తాతయ్య మాత్రం ఏ నీతీ చెప్పలేదు. తెల్లవారగానే గోగునార చంకన పెట్టుకుని మంచం దగ్గర నిలబడేవాడు. "పశువులకి తాళ్లు లేవురా. నానొక్కడ్నీ పేనలేను. వొచ్చి ఆ కొస పట్టు" అనేవాడు.

అది ఇద్దరి పనే. ఒకరు కూర్చుని నార అందిస్తుంటే, రెండోవారు కర్రతో వడి తిప్పుతూ వెనక్కి నడవాలి. ఆ నడిచే పని ఎప్పుడూ మామయ్యదే. కళ్లంలో లేత ఎండ పడేది. పనయ్యాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చద్దన్నం తినేవారు.

ఒక సాయంత్రం పశువులశాల వెనక తాతయ్య ఆ తాడునే విప్పుతూ కనిపించాడు.

"ఏటి తాతా, మతిపోయిందా?" అన్నాను.

"రేప్పొద్దుటికి పనుండాల గదా. మీ మామకి సెప్పావంటే ఈ తాడుతో నిన్నే కట్టేస్తాను" అన్నాడు.

కోతలనాటికి ఒక పొద్దున మామయ్యే కళ్లంలోంచి కేకేశాడు, "నాన్నా, బేగి రా, ఎండెక్కిపోతంది" అని. ఆ సాయంత్రం తాతయ్య తాడు విప్పలేదు.

ఇదంతా చూసి పెరిగినవాణ్ణి నేను. నేను రిటైరయ్యాక నా భార్య కూడా అచ్చం మామయ్యలాగే మంచానికి అంటుకుపోయింది. విశాఖపట్నంలో డాక్టరుగారు మందులు రాశారు. మెదడులో కుదురు తప్పిన రసాయనాలకు మందులతోపాటు పొద్దుటి ఎండ, నడక, వేళకు తిండి, నిద్ర కూడా సాయం చేస్తాయన్నారు. ఇద్దరూ కలిసి నడవండి అని నాకేసి చూసి మరీ చెప్పారు.

మర్నాడు పొద్దున ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను.

"మీరూ రండి. ఒక్కదాన్నీ నడవలేనండి" అంది.

"నడవడానికీ తోడేటి? చిన్నపిల్లవా?" అన్నాను.

ఆమె చెప్పులు విప్పేసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను రోజూ మందులేసుకున్నావా అని మాత్రం అడిగి, నా వంతు అయిపోయిందనుకున్నాను.

వానాకాలంలో ఆమె చెల్లెలు వచ్చి, చూసి, ఆమెను తన ఊరు కృష్ణదేవిపేట తీసుకెళ్లిపోయింది. కొన్ని నెలల తర్వాత తిరిగి తీసుకొద్దామని వెళ్లాను. ఆటో దిగేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ పొలంగట్టున నడిచివస్తున్నారు. నా భార్య ఏదో చెబుతూ నవ్వుతోంది. నన్ను చూసి ఆపేసింది.

"రండి, టీ తాగి వెళ్దురుగాని" అంది, చుట్టాన్ని పిలిచినట్టు.

టీ తాగి, అదే ఆటోలో తిరిగొచ్చాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి ఒక్కణ్ణే నడుస్తున్నాను. తాతయ్య ఆ తాడు ఎందుకు విప్పాడో నాకు నిక్కర్లు తొడుక్కునే వయసులోనే తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత బరువుగా ఉండేది కాదు.