వెనకాల వాయించే ఆయప్ప

కోపం నాకు ఇప్పుడూ వస్తుంది గానీ, ఆ రోజుల్లో వచ్చినట్టు వేళాపాళా లేకుండా రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరి మారతహళ్ళి పీజీ హాస్టల్లో ఉంటూ, లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నందుకే లోకమంతా నా కంటికి ఆననంత పొగరుగా తిరిగేవాణ్ణి. "నా సిస్టమ్‌కు రీస్టార్ట్ అన్న మాటే తెలీదు" అని ఇడ్లీ తింటున్నవాళ్ళను ఆపి మరీ చెప్పేవాణ్ణి (అడిగినవాడు ఒక్కడూ లేడు).

బళేపేటలో గాజుల కొట్టు నడిపే మా మేనమామ ఏళ్ళ తరబడి భజన గుంపులో పిల్లనగ్రోవి వాయించేవాడు. ఆయన ముందుపళ్ళు కదిలిపోయాయి, సోమవారం పీకేస్తామని డాక్టరు చెప్పేశాడు. పళ్ళు పోతే ఇక ఊదలేనేమోనని మామ బెంగ. "స్టూడియోలో చేసినట్టు రికార్డు చేస్తాను మామా" అని గొప్పలు పోయి, ఆదివారం పొద్దున్నే ఒక మైకు, దాని శబ్దాన్ని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కాను.

లాప్‌టాప్‌కు పెట్టె తగిలించగానే పోపులో ఆవాలు పేలినట్టు ఒకటే చిటపట. ఇంటర్నెట్‌లో వెతికితే, 'నీ పేరు సిస్టమ్‌లోని ఆడియో గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రా' అని ఎవరో రాశారు. చేర్చాను. లాగౌటా? నేనా? ఆ ముక్క చదవనట్టే వదిలేసి, శబ్దాన్ని కాస్త ఆపి పంపే బఫర్ అనే అంకెను పెంచుకుంటూ పోయాను. చిటపట ఆగింది. దాని బదులు, ఊదిన స్వరం మామ చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్‌లోకి ఆలస్యంగా రావడం మొదలైంది.

మామ కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. పాట నడక తగ్గింది, ఇంకా తగ్గింది, చివరికి నిలిచిపోయింది.

"ఏమైంది మామా?"

"వెనకాల ఇంకో ఆయప్ప వాయిస్తా ఉండాడు గదప్పా. పాపం, అందుకోలేక పోతా ఉండాడు. స్వల్ప నిలిస్తే వచ్చి కలుస్తాడని చూస్తా ఉండా."

"వెనకాల ఎవరూ లేరు! అది నువ్వే!"

"నేనే అయితే నన్ను నేను విడిచి ముందుకు పోతానా? భజనలో ఎవురినీ వెనకాల వదిలి పోకూడదప్పా."

మూడుసార్లు అలాగే అయింది. చిగుళ్ళ నుంచి వచ్చిన రక్తాన్ని తువ్వాలుతో ఒత్తుకుని మామ నాలుగోసారి పిల్లనగ్రోవి ఎత్తి, మళ్ళీ నిలుస్తూ నిలుస్తూ వాయించాడు. నాకు అది చూసి జాలి వేయాలి. కోపం వచ్చింది. పెట్టె మీద, మామ మీద, ఆ ఊరూ పేరూ లేని 'ఆయప్ప' మీద కూడా. అరిచాను. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ ఆరిపోయింది. దానికి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గు మీదే బతుకుతోంది. ఆ ప్లగ్గు కాస్తా అత్త చేతిలో ఉంది.

"మిక్సీ ప్లగ్గు యాడ పెట్టేదప్పా? చట్నీ రుబ్బుకోవద్దా? రెండు నిమిషాలకే ఏం మునిగిపాయ?"

నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆవిడ చేతి దోసెలు తిన్న నోటితోనే అన్నాను. అత్త చట్నీ రుబ్బుకుని, ప్లగ్గు తెచ్చి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

లాప్‌టాప్ మళ్ళీ లేచింది. పంతం కొద్దీ బఫర్ అడుగుకు దించాను. చిటపట లేదు. ఆలస్యం లేదు. ఆరి లేవడమంటే లాగౌట్ అయి రావడమే; పొద్దుటి నుంచి నేను చేయనన్న ఆ పనిని అత్త ఒక్క లాగుతో చేసేసింది (ఈ సంగతి ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు).

మామ పాటంతా ఎక్కడా ఆగకుండా వాయించాడు. హెడ్‌ఫోన్ తీసి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఆయప్ప యాడికి పోయినాడప్పా? నువ్వు అరిస్తివని లేసి పోయినాడేమో."

పళ్ళు పీకించుకున్నాక మామ మళ్ళీ ఊదలేదు. ఇంట్లో వాళ్ళంతా ఆ మంచి రికార్డింగే పెట్టుకుంటారు. నేను మాత్రం, లాప్‌టాప్ ఆరేదాకా రికార్డయిన ఆ నాలుగోసారిది దాచుకున్నాను. అందులో మామ అడుగడుక్కీ నిలుస్తూ, రాని మనిషి కోసం చూస్తుంటాడు. చివర ఒక కుర్రాడి గొంతు "ఆపు మామా!" అని విరుచుకుపడుతుంది. ఆ గొంతు వినబడినప్పుడల్లా వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. వాడు వెనకబడినా, వాడి కోసం కూడా మామ అలాగే నిలిచేవాడని గుర్తొచ్చి, నవ్వి ఊరుకుంటాను.