సుద్దగీత మీద లేని పాట

రంగూన్‌లోని లమ్మడా పేటలో మూడో అంతస్తు గదిలో ఆదివారం పూట తమిళ సాహిత్య చరిత్ర చెప్పే నూకరాజుకి తోటి తెలుగువాళ్ళంటే పడదు. వాళ్ళకీ అతనంటే పడదు. బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత గీస్తాడు. అది రెండు వేల ఏళ్ళు. సంగం పాటలు, నీతి పద్యాలు, భక్తి, కావ్యాలు అంటూ ఆ గీతని సుద్దముక్కతో పొడుచుకుంటూ పోతాడు. "సయా, మరి మన తెలుగు పాటలో?" అని ఎవరైనా మాస్టారుని బర్మా మాటతో పిలిచి అడిగితే పెదవి విరిచి, "అవి ఏ కాలానివి? ఎక్కడ రాసున్నాయి?" అంటాడు.

మొన్న వాళ్ళమ్మ పోయింది. రేవులో బస్తాలు మోసినవాడి కూతురు, తమిళం ముక్క రాదు. శవం పక్కన నిలబడి నూకరాజు జేబులోంచి కాగితం తీశాడు. గొంతు సవరించుకుని సంగం కాలపు శోకగీతం చదివాడు. తర్వాత దాని విశేషం చెప్పబోతుంటే పిన్ని చిన్నతల్లి కాగితం లాగేసుకుంది.

"ఆపరా! ఎవులికి సెప్తన్నావు పాఠం? దానికేటి తెలుస్తాది?"

అక్క తల ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడుపు ఎత్తుకుంది. అక్క వండిన చేపల పులుసు, అక్క తిట్టిన తిట్లు, అన్నీ ఆ రాగంలోకి వచ్చాయి. ఆడవాళ్ళంతా అందుకున్నారు. నూకరాజు మొహం చిట్లించి, "ఇదేటి పాట? ఏ కాలం నాటిది?" అన్నాడు.

చిన్నతల్లి రాగం ఆపలేదు. ఆ రాగంలోనే జవాబు చెప్పింది.

"ఇయ్యాల పొద్దుటిదిరా కొడకా, మీ యమ్మ సచ్చిపోయినప్పుడు పుట్టింది."