ఎలక్షన్ల నిద్ర

మా పెదనాయన మాట్లాడుతూనే ఎడమ భుజం తడుముకునేవాడు. పాత కక్షల నాటి లైసెన్సు తుపాకి వేలాడేది అక్కడే. రాత్రి తలుపు గడియ పెట్టి, దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. ఆకు కదిలినా లేచేవాడు. ఎలక్షన్లొస్తే తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి. ఆ రోజుల్లో మాత్రం వాకిట్లో మంచం వేసుకుని గురకపెట్టేవాడు.

ఒకసారి ఉరవకొండ టీ అంగట్లో లైసెన్సుల చట్టం ఇంకా బిగించాలా వద్దా అని వాదన లేచింది.

"తుపాకి లేకుంటే మనల్ని ఎవరు కాపాడతారన్నా?" అన్నాడొకడు.

"అది నన్ను యాడ కాపాడిందప్పా? ఇన్నేండ్లూ నేనే దాన్ని కాపాడతాండా," అన్నాడు పెదనాయన.

ఆ ఏడు ఎలక్షన్లయ్యాక, స్టేషనులోని తుపాకి తీసుకుపొమ్మని చెప్పడానికి కానిస్టేబులు ఇంటికొచ్చాడు. పెదనాయన వాకిట్లో మంచం దిగలేదు.

"ఇంగా యాడన్నా ఎలక్షన్లు మిగిలుండాయేమో చూడు సారూ," అన్నాడు.